పక్క సీటు గాలి: విమానంలో దేహాలంకరణ మర్యాదకు విజ్ఞానం చెప్పే కారణాలు

విమానంలో సాధారణ తరగతి సీటు వెడల్పు 43 నుంచి 46 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. మనిషి భుజాల వెడల్పు కూడా ఇంచుమించు అంతే కాబట్టి, మధ్య సీటులో కూర్చున్నవారు మోచెయ్యి ఎత్తి తల దువ్వుకున్నా, వంగి కాలిగోరు తీసుకున్నా, ఆ పని పక్కవారి హద్దులోకి వెళ్లక తప్పదు. అయితే బస్సులోనో రైలులోనో ఎవరూ పట్టించుకోని పని విమానంలో ఇబ్బందిగా మారడానికి ఇరుకు ఒక్కటే కారణం కాదు. కిటికీ తెరవడానికి గాని, లేచి దూరంగా వెళ్లడానికి గాని వీలులేని ఆ గదిలో, యంత్రాలు అందించే గాలినే అందరూ పంచుకొని పీల్చాలి. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుంది, ఎటు పోతుంది, దేన్ని వెంట తీసుకుపోతుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది తెలిస్తే, తోటి ప్రయాణికుల మధ్య ఏ సింగారం చేసుకోవచ్చో, ఏది చేసుకోకూడదో చాలావరకు తేలిపోతుంది.

2008 మార్చిలో బేగంపేట నుంచి పౌర విమానాల రాకపోకలు శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి మారాయి. అప్పటి నుంచి తెలుగునాట విమానం ఎక్కేవారిలో ఎన్ని రకాల మనుషులు ఉన్నారో ఆ ఒక్క ప్రాంగణంలో చూడవచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్, దోహా, కువైట్ పనులకు బయలుదేరే కార్మికులు, అమెరికా చదువులకు వెళ్లే విద్యార్థులు, జిద్దా వెళ్లే యాత్రికులు, తిరుమలలో తలనీలాలు సమర్పించి రేణిగుంట మీదుగా తిరిగి వచ్చే కుటుంబాలవారు అక్కడ పక్కపక్కన నిలబడతారు. గల్ఫ్ విమానాల్లో చాలా భాగం అర్ధరాత్రి, తెల్లవారుజాము వేళల్లోనే ఉంటాయి కాబట్టి, జగిత్యాల నుంచి బయలుదేరినవారు సుమారు రెండు వందల కిలోమీటర్లు రోడ్డు మీద వచ్చి, వరుసల్లో గంటల తరబడి నిలబడి, చివరకు సీటులో కూర్చున్నాకే ఊపిరి తీసుకుంటారు. ముఖం తుడుచుకోవాలని, జుట్టు సరిచేసుకోవాలని, నొప్పి పెడుతున్న కణతలకు ఇంత బామ్ రాసుకోవాలని అప్పుడు అనిపించడం సహజమే. అందువల్ల ఈ మర్యాద గురించి మాట్లాడేటప్పుడు మొదట మనిషి అలసటను గుర్తించి, ఆ తర్వాతే నియమాల దగ్గరకు వెళ్లడం న్యాయం.

విమానం గాల్లో ఉన్నప్పుడు క్యాబిన్‌కు గాలి రెండు దారుల్లో వస్తుంది. ఎక్కువ విమానాల్లో ఇంజను కంప్రెసర్ దగ్గర ఒత్తిడి పెరిగిన బయటి గాలిలో కొంత భాగాన్ని పక్కకు మళ్లించి, చల్లబరచి లోపలికి పంపుతారు; దీనినే బ్లీడ్ ఎయిర్ అంటారు. బోయింగ్ 787లో మాత్రం ఈ పనిని విడిగా ఉండే విద్యుత్ కంప్రెసర్లు చేస్తాయి. మిగిలిన దాదాపు సగం గాలి, క్యాబిన్ నుంచే వెనక్కి తీసుకొని హెపా అనే వడపోత గుండా పంపి, తాజా గాలితో కలిపి మళ్లీ వదిలేది. అతి సన్నని పోగులను అడ్డదిడ్డంగా పరచి, మడతలు మడతలుగా పెట్టిన తెరే హెపా. 0.3 మైక్రాన్ల రేణువులను, అంటే మిల్లీమీటరును మూడు వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత ఉండే కణాలను కూడా అది 99.97 శాతం మేరకు పట్టుకోగలదు. సూక్ష్మక్రిములు, తుమ్ము తుంపరలు, చర్మపు ధూళి దానికి చిక్కుతాయి. వాసన చిక్కదు. వాసన అంటే గాలిలో కలిసిన విడి విడి అణువులే. వాటి పరిమాణం ఒక నానోమీటరు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, చేపల వలలో నీరు నిలవనట్లే అవి వడపోతను దాటి మళ్లీ క్యాబిన్‌లోకే వస్తాయి. వాయువులను పట్టుకోవడానికి ఉత్తేజిత బొగ్గు వంటి ప్రత్యేక పదార్థం కావాలి. ఆ ఏర్పాటు కొన్ని విమానాల్లో ఉంది, అన్నింటిలో లేదు.

అది లేనిచోట వాసన తగ్గడానికి మిగిలిన దారి బయటి గాలితో పలచబడడమే. క్యాబిన్ గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది. అందులో సగం తాజా గాలి అనుకుంటే, వాసన పుట్టించే మూలం ఆగిపోయిన పావుగంటకు ఆ వాసన చాలావరకు పోతుంది. ఇక్కడ గమనించవలసింది మూలం ఆగడం గురించే. ఒలికిన ద్రవాన్ని తుడిచేస్తే మూలం ఆగుతుంది. చొక్కాకు పట్టిన సెంటు మాత్రం ప్రయాణం పొడవునా వాసనను వదులుతూనే ఉంటుంది. గాలి నడిచే దిశ కూడా ముఖ్యమే. తల పైనున్న సందుల్లోంచి దిగి, పాదాల దగ్గర గోడ వెంట ఉన్న జాలీల గుండా బయటికి పోయేలా దాన్ని నడిపిస్తారు. ముందు వరుసల నుంచి వెనుక వరుసలకు పెద్దగా ప్రవహించదు. కాబట్టి ఒక ప్రయాణికుడి వాసన ప్రధానంగా భరించేది అతని వరుసలోనివారు, ముందు వెనుకల కొద్ది వరుసలవారు. ఇంకొక సంగతి: విమానం గేటు దగ్గర నిలిచి, ప్రయాణికులు ఎక్కుతున్న సమయంలో గాలి సరఫరా గాల్లో ఉన్నప్పటి స్థాయిలో ఉండకపోవచ్చు. సీటులో కూర్చోగానే మెడకు సెంటు కొట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. క్యాబిన్ గాలికి అంతకంటే చెడ్డ సమయం లేదు.

ముక్కుకు తెలిసేవాటికంటే ముందు కంటికి కనిపించే గోటి ముక్క సంగతి చూడాలి. గోరు కెరటిన్ అనే గట్టి ప్రోటీనుతో తయారవుతుంది. చేతిగోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనం గోరులో మూడు పొరలు ఉన్నాయని, అన్నిటికంటే మందమైన మధ్య పొరలో కెరటిన్ పోగులు వేలికి అడ్డంగా పరచుకొని ఉంటాయని, అందుచేత గోరును నిలువుగా చీల్చడానికి అడ్డంగా కోయడం కంటే రెట్టింపు శక్తి కావాలని చూపించింది. గోరు వేలి మాంసంలోకి చీలిపోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. ఈ ఏర్పాటు వల్లనే నెయిల్‌కట్టర్ నొక్కినప్పుడు గోరు నెలవంక ఆకారంలో అడ్డంగా టక్కున తెగుతుంది. తెగే క్షణం వరకు రెండు అంచుల మధ్య వంగి ఉన్న ముక్కలో నిలిచిన శక్తి ఒక్కసారిగా విడుదలై, దాన్ని ఎటో విసిరేస్తుంది. ఎటు అన్నది కోసేవారికి కూడా తెలియదు. గాలిలో తేమ తగ్గినకొద్దీ గోరు పెళుసు బారుతుంది. సుదీర్ఘ ప్రయాణంలో క్యాబిన్ తేమ తరచుగా 20 శాతం లోపే ఉంటుంది.

అలా ఎగిరిన ముక్క హెపా దాకా చేరదు. బరువు వల్ల వెంటనే కింద పడి, తివాచీ నూగులోనో, సీట్లను బిగించిన పట్టాల సందుల్లోనో, పక్కవారి భోజనపు బల్ల మీదనో ఉండిపోతుంది. 1988లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం చేతి మీద సూక్ష్మక్రిములు అత్యధికంగా నివసించే చోటు గోటికింది సందేనని తేల్చింది. ఆ లెక్కన కత్తిరించిన ముక్క చేతిలోకెల్లా మురికిగా ఉండే భాగాన్ని మోసుకుపోతుంది. దేశీయ మార్గాల్లో ఒక విమానం దిగి మళ్లీ ఎగరడానికి మధ్య అరగంట మాత్రమే దొరికే సందర్భాలు ఎక్కువ. ఆ కాస్త సమయంలో నూట ఎనభై సీట్ల మధ్య చెత్త తీసే కార్మికులు సందుల్లో ఇరుక్కున్న గోటిముక్కలను వేళ్లతో ఏరవలసి రావడం మర్యాద విషయమే కాదు, శ్రమగౌరవం విషయం కూడా. విమానంలో గోళ్లు తీసుకోవడాన్ని ఏ సందర్భంలోనూ సమర్థించలేం.

తెలుగు ఇళ్లలో ఈ సంగతి ఎన్నడో ఆచారంగా స్థిరపడింది. గోళ్లు నట్టింట తీయకూడదని, దీపాలు పెట్టే వేళ తల దువ్వకూడదని, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను చుట్టి బయట పారేయాలని, క్షవరం అయినవారు స్నానం చేయనిదే ఇంట్లో దేన్నీ ముట్టకూడదని పెద్దలు చెప్పేవారు. విద్యుద్దీపాలు లేని కాలంలో చీకట్లో రాలిన గోరు, వెంట్రుక అన్నంలోకి, పసిపిల్లల నోట్లోకి చేరే ప్రమాదం ఉండేది కాబట్టి ఈ కట్టుబాట్లకు అర్థం ఉంది. అయితే మైల అనే భావనను అడ్డం పెట్టుకొని క్షౌరవృత్తిలో ఉన్నవారినే దూరం పెట్టిన చరిత్ర కూడా వీటి వెనుకే ఉంది. ఆ భాగాన్ని వదిలేసి, దేహం నుంచి రాలినదాన్ని ఎవరిది వారే జాగ్రత్తగా తీసివేయాలన్న భాగాన్ని మాత్రమే నేటి ప్రయాణానికి తెచ్చుకోవాలి.

తల దువ్వుకోవడం గోళ్లంత తీవ్రమైనది కాదు గాని, చుండ్రు పొలుసులు, వెంట్రుకలు పక్కవారి ఒడిలో పడతాయి. పొడవాటి జడను సీటు వెనక్కి వేలాడేయడం వల్ల వెనుకవారి బల్ల, తెర మూసుకుపోతాయి. తలకు రాసిన నూనె మరో సమస్య. 19వ శతాబ్దపు ఇంగ్లండులో మగవారు తలకు పట్టించే నూనెలకు భయపడి కుర్చీల వీపులకు వేసిన గుడ్డలే నేటి విమానాల్లో తల ఆనే చోట కనిపించే తొడుగులకు పూర్వరూపం. కొబ్బరినూనె విషయంలో భౌతికశాస్త్రం కాస్త అనుకూలంగానే ఉంది: అది తేలికగా ఆవిరి కాదు కాబట్టి గాలిని పెద్దగా పాడుచేయదు, కానీ సీటుకు అంటుతుంది. ప్రయాణానికి ముందురోజు తలంటుకోవడం దీనికి సరైన విరుగుడు.

ఆవిరయ్యే పదార్థాల్లో మొదట చెప్పవలసింది గోళ్లరంగు. ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ అనే ద్రావకాల్లో కరిగిన ప్లాస్టిక్ వంటి పదార్థమే గోళ్లరంగు. రంగు ఆరడం అంటే ఆ ద్రావకమంతా గాలిలోకి వెళ్లిపోవడమే. చెరిపే ద్రవంలో ఉండే ఎసిటోన్ ఇంకా చురుకైనది; సున్నాకు దిగువన దాదాపు 18 డిగ్రీల చలిలో కూడా నిప్పు రవ్వకు అంటుకోగలిగినంత ఆవిరిని వదులుతుంది. అందుకే ఇటువంటి అలంకరణ ద్రవాలకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పరిమితి పెట్టింది: ఒక్కో డబ్బా అర లీటరు మించకూడదు, మనిషికి మొత్తం రెండు లీటర్లు దాటకూడదు. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక అంతర్జాతీయ ప్రయాణాల చేతిసంచిలో ఒక్కో సీసా వంద మిల్లీలీటర్లకు మించరాదన్న నియమం దీనికి తోడైంది. అనుమతించిన సీసాతోనూ మరో చిక్కు ఉంది. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది. ఎగిరాక క్యాబిన్‌లోని పీడనం దాదాపు 2,400 మీటర్ల ఎత్తున ఉండే పీడనం దాకా తగ్గవచ్చు. ఆ తేడాకు సీసాలో చిక్కిన గాలి నాలుగో వంతు మేర వ్యాకోచించడానికి ప్రయత్నిస్తుంది కాబట్టి, శంషాబాద్‌లో బిగించిన మూత పైన తీయగానే ద్రవం చింది పక్కవారి దుస్తుల మీద పడవచ్చు.

సెంటుకు ఆధారం ఎక్కువగా ఇథనాల్ అనే ఆల్కహాలు. అది త్వరగా ఎగిరిపోతూ సువాసన అణువులను ఒక్కసారిగా గాలిలోకి మోస్తుంది. పాతబస్తీలో చార్మినార్ చుట్టూ అమ్మే సంప్రదాయ అత్తరుకు ఆధారం చందన తైలం. అది నెమ్మదిగా ఆవిరవుతుంది, అందువల్ల మొదట్లో మృదువుగా అనిపించినా గంటల కొద్దీ వదలదు. ఈ రెండింటిలోనూ పూసుకున్నవారికి తెలియని ఇబ్బంది ఒకటి ఉంది. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే కొద్ది నిమిషాల్లోనే ఘ్రాణేంద్రియం దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. శాస్త్రజ్ఞులు దీన్ని ఘ్రాణానుకూలనం అంటారు. తన సెంటు తనకే తెలియడం లేదని మరికాస్త చల్లుకునేవారు పక్కవారికి అది రెట్టింపైందని గుర్తించలేరు. ఉబ్బసం, పార్శ్వపు తలనొప్పి ఉన్నవారిలో గాఢమైన పరిమళం ఆ బాధను రేపగలదు. వారు లేచి వెళ్లే చోటు కూడా లేదు.

తెలుగువారి ప్రయాణపు సంచిలో అమృతాంజనం సీసా స్థానం వేరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో నెలకొల్పిన ఆ సంస్థ బామ్‌లో కర్పూరం, మెంథాల్ వంటి త్వరగా ఆవిరయ్యే పదార్థాలు ఉంటాయి. మెంథాల్ చర్మంలో చలిని గుర్తించే నాడీ గ్రాహకాలను ప్రేరేపించి చల్లదనపు అనుభూతిని కలిగిస్తుంది. ఉపశమనానికి కారణమైన ఆ ఆవిరే చుట్టుపక్కల వరుసల దాకా వ్యాపిస్తుంది. తలనొప్పితో ఉన్నవారిని బామ్ రాసుకోవద్దనడం క్రూరత్వం. గోటి మీదికి వచ్చినంత రాసుకొని, వెంటనే మూత బిగించి, ముందే పక్కవారితో ఒక మాట చెబితే సరిపోతుంది.

గాలిలో జరిగే ఒక రసాయన చర్య అంతగా ప్రచారంలోకి రాలేదు. విమానాలు ఎగిరే ఎత్తులో ఓజోన్ ఎక్కువ. మూడు ఆక్సిజన్ పరమాణువులతో ఏర్పడిన ఈ చురుకైన వాయువులో కొంత, దాన్ని తొలగించే ఉత్ప్రేరక పరికరం లేని విమానాల్లో క్యాబిన్‌లోకి చేరుతుంది. మనిషి చర్మం స్రవించే నూనెలో స్క్వాలీన్ అనే పదార్థం ఉంటుంది. దాని అణువులోని ద్విబంధాలను, అంటే రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఉండే జంట బంధాలను, ఓజోన్ తెంచివేసి ఎసిటోన్ వంటి కొత్త వాసన పదార్థాలను పుట్టిస్తుంది. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో నిర్మించిన నమూనా క్యాబిన్‌లో మనుషులను గంటల తరబడి కూర్చోబెట్టి చార్లెస్ వెష్లర్ బృందం చేసిన ప్రయోగాలు 2007లో వెలువడ్డాయి. ఆ క్యాబిన్‌లో హరించుకుపోయిన ఓజోన్‌లో సగానికి పైగా మనుషుల చర్మం, జుట్టు, దుస్తుల మీదనే ఖర్చవుతోందని వాటిలో తేలింది. నిమ్మ, నారింజ పరిమళాల్లో ఉండే లిమోనీన్ కూడా ఓజోన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్‌ను, అతిసూక్ష్మ రేణువులను ఇస్తుంది. శుభ్రంగా స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకున్న శరీరం ఈ చర్యకు తక్కువ ముడిసరుకును అందిస్తుంది. సెంటు దాన్ని పెంచుతుంది. చెమట వాసనను సెంటుతో కప్పిపుచ్చాలన్న ఆలోచన అందుకే రసాయనశాస్త్రం ముందు నిలవదు.

చెమటకు తనంతట తాను వాసన ఉండదు. చంకల్లోని ప్రత్యేక గ్రంథులు వదిలే వాసనలేని పదార్థాలను స్టెఫిలోకాకస్ హోమినిస్ అనే సూక్ష్మక్రిమి తన ఎంజైముతో విడగొట్టి, గంధకం ఉన్న థయోఆల్కహాళ్లుగా మారుస్తుంది. యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ఆ ఎంజైమును వివరించారు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం 2014లో చేసిన అధ్యయనంలో వ్యాయామం తర్వాత నూలు బట్టల కంటే పాలిస్టర్ బట్టలు ఎక్కువ దుర్వాసన ఇచ్చాయి. ఈ రెండింటిని కలిపితే ఆచరణకు వచ్చే సలహా ఒకటే: మే నెల ఎండలో బస్సు దిగి వచ్చినవారు చేతిసంచిలో ఉతికిన నూలు చొక్కా ఒకటి ఉంచుకొని, టెర్మినల్‌లో చంకలు సబ్బునీటితో కడుక్కొని మార్చుకుంటే చాలు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వంటి సంస్థలు జబ్బు, వైకల్యం కారణం కాని దుర్వాసన ఉన్నవారిని ఎక్కించుకోబోమని తమ నిబంధనల్లోనే రాసుకున్నాయి. శ్రమ చేసి వచ్చిన మనిషి చెమటను, తీరికగా కూర్చొని గోళ్లకు రంగు వేసుకునేవారి చర్యను ఒకే తక్కెడలో వేయడం మాత్రం సరికాదు. మొదటిది పరిస్థితి, రెండోది ఎంపిక.

అలంకరణ అత్యవసరమైతే శౌచాలయంలో చేసుకోవడానికి ఏకాంతం ఒక్కటే కారణం కాదు. శౌచాలయం, వంటగది గాలిని హెపా గుండా తిప్పరు; నేరుగా బయటికి పంపేస్తారు. అందువల్ల అక్కడ పుట్టిన వాసన క్యాబిన్‌లోకి తిరిగి రాదు. అయితే పొగను గుర్తించే పరికరం కూడా అక్కడే ఉంటుంది. స్ప్రే తుంపర్లను అది పొగగా భ్రమించి అలారం మోగించగలదు కాబట్టి స్ప్రేలు వాడకూడదు. నూట ఎనభై మంది ఉన్న ఎ320 తరహా విమానంలో శౌచాలయాలు సాధారణంగా మూడే. ఒకరు ఇరవై నిమిషాలు గడ్డం గీసుకుంటే మధుమేహం ఉన్న పెద్దలు, చిన్నపిల్లల తల్లులు నడవలో నిలబడవలసి వస్తుంది.

చట్టం ఈ విషయంలో మౌనంగా ఉంది. భారత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) 2017 సెప్టెంబరులో తెచ్చిన అదుపుతప్పిన ప్రయాణికుల నిబంధనలు దుర్భాష, దౌర్జన్యం, విమాన భద్రతకు ముప్పు అనే మూడు స్థాయిల గురించే మాట్లాడతాయి. గోరు, సెంటు అందులోకి రావు. జపాన్‌లో తోక్యు రైల్వే సంస్థ 2016లో రైల్లో ముఖాలంకరణ వద్దంటూ ప్రచారం చేసినప్పుడు, ఎవరికీ హాని చేయని పనిని ఎందుకు తప్పుపట్టాలని మహిళలు గట్టిగా ప్రశ్నించారు. ఆ ప్రశ్న సమంజసమైనది. లిప్‌స్టిక్ దిద్దుకోవడం, కాటుక సరిచేసుకోవడం, పొడిబారిన చేతులకు వాసనలేని క్రీము రాసుకోవడం, తడి రుమాలుతో ముఖం తుడుచుకోవడం వల్ల పక్కవారి మీద ఏమీ రాలదు, వారి గాలిలో ఏమీ కలవదు. వాటిని చూడటం నచ్చకపోతే చూపు తిప్పుకోవలసింది చూసేవారే.

ఈ మర్యాదను పూర్తిగా పాటించే ప్రయాణికులు శంషాబాద్ నుంచి ఏటా వెళ్తూనే ఉన్నారు. హజ్ యాత్రికులు నాంపల్లి హజ్ హౌస్ మీదుగా జిద్దా విమానం ఎక్కేటప్పుడు ఇహ్రామ్ అనే దీక్షలోకి ప్రవేశిస్తారు; మీఖాత్ అనే దీక్షా సరిహద్దును విమానం ఆకాశంలోనే దాటుతుంది కాబట్టి అంతకు ముందే సిద్ధమవుతారు. ఇహ్రామ్‌లో సువాసన పూసుకోకూడదు, గోళ్లు తీయకూడదు, వెంట్రుకలు కత్తిరించకూడదు. అందువల్ల స్నానం, గోళ్లు, క్షవరం అన్నీ ముందే ముగించుకుంటారు. వారిది ధర్మనిష్ఠ, కానీ ఆ విమానాల్లో గాలికి కలిగే మేలు భౌతికశాస్త్రం కోరేదే. మిగతా ప్రయాణికులు కూడా గోళ్లు, గడ్డం పని ఇంట్లోనే పూర్తిచేసుకొని, శంషాబాద్ టెర్మినల్‌లో ముఖం కడుక్కొని చొక్కా మార్చుకొని, సెంటు సీసాను దిగేదాకా సంచిలోనే ఉంచాలి. పక్కవారి పని వల్ల నిజంగా ఇబ్బంది కలిగితే, వయసును బట్టి అన్నా అనో, అమ్మా అనో పిలిచి నెమ్మదిగా అడగాలి. అప్పటికీ కుదరకపోతే సిబ్బందికి చెప్పాలి.